నల్లా నుంచి నాలా దాకా: ముషీరాబాద్ మురుగు చివరికి ఎక్కడికి పోతోంది?

హైదరాబాద్ మురుగు గురించి ప్రభుత్వం చెప్పే లెక్క వింటే బాగానే ఉంటుంది. కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలు, అంటే ఎస్‌టీపీలు, అన్నీ పూర్తయితే నగరంలో పుట్టే ప్రతి చుక్కా శుభ్రమయ్యాకే మూసీలో కలుస్తుందట. దక్షిణాసియాలో నూరు శాతం మురుగు శుద్ధి చేసే మొదటి నగరం మనదే అవుతుందని గత ప్రభుత్వం చెప్పింది. ఈ ప్రభుత్వం కూడా అదే బాటలో మరిన్ని ప్లాంట్లు కడతామంటోంది.

మరి భోలక్‌పూర్ గల్లీలో, పార్సీగుట్టలో, రాంనగర్‌లో గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత ఎందుకు లేస్తోంది? అంబర్‌పేట బ్రిడ్జి మీద నుంచి వెళ్లేటప్పుడు ఇంకా ముక్కు ఎందుకు మూసుకోవాల్సి వస్తోంది? ప్లాంటు కట్టడం వేరు, మురుగు శుద్ధి కావడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా మన బస్తీలకు అర్థం కావాలి.

కాగితం మీద లెక్క

ముందు అంకెలు చూద్దాం. 2021లో ప్రభుత్వం బయటపెట్టిన లెక్కల ప్రకారం హైదరాబాద్ అర్బన్ ప్రాంతంలో రోజుకు 1,950 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది. దీన్నే 1,950 ఎంఎల్‌డీ అంటారు. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు 10 లక్షల లీటర్లు. ఇందులో అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధిలోదే 1,650 ఎంఎల్‌డీ. అప్పటికున్న 25 ఎస్‌టీపీల కెపాసిటీ 772 ఎంఎల్‌డీ. అంటే సగం కన్నా తక్కువ, 47 శాతం లోపు.

మిగిలిన 878 ఎంఎల్‌డీ? అది శుద్ధి లేకుండానే నాలాల్లో, చెరువుల్లో, మూసీలో కలిసింది. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే జలమండలి 10 వేల లీటర్ల ట్యాంకర్‌ను గుర్తు తెచ్చుకోండి. అలాంటివి రోజుకు 87,800 ట్యాంకర్లు. రోజుకు ఉండేవి 86,400 సెకన్లు. అంటే రాత్రీ పగలూ సెకనుకో ట్యాంకర్ మురుగు మూసీలో పారబోసినట్టు.

2021 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఈ లోటు పూడ్చడానికి సుమారు 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త ఎస్‌టీపీలకు అనుమతి ఇచ్చింది. వాటి కెపాసిటీ దాదాపు 1,259 ఎంఎల్‌డీ. మూడు ప్యాకేజీలుగా పనులు విడగొట్టారు. నాగోల్‌లో 320 ఎంఎల్‌డీ, అంబర్‌పేటలో 212.5, ఫతేనగర్‌లో 133, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 86.5 ఎంఎల్‌డీ ప్లాంట్లు వీటిలో పెద్దవి. 2023 జులైలో కోకాపేట 15 ఎంఎల్‌డీ ప్లాంటు, అదే ఏడాది సెప్టెంబర్‌లో దుర్గం చెరువు 7 ఎంఎల్‌డీ ప్లాంటు మొదలయ్యాయి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి. 2024లో అమృత్ 2.0 కింద మరో 39 ప్లాంట్ల ప్రతిపాదన వచ్చింది. దాని ఖర్చు సుమారు 3,849 కోట్లు.

పాత 772కు కొత్త 1,259 కలిపితే 2,031 ఎంఎల్‌డీ. 2021లో లెక్కించిన 1,950 కన్నా ఎక్కువే. కాగితం మీద బాకీ తీరిపోయింది. అయితే కామర్స్ చదివినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఫ్యాక్టరీ కెపాసిటీ ఎంతైనా, గోడౌన్‌కు సరుకు రాకపోతే ప్రొడక్షన్ సున్నా. ఎస్‌టీపీకి సరుకు మురుగే. అది ప్లాంటు దాకా చేరుతోందా అన్నదే అసలు ప్రశ్న.

తార్నాక సైంటిస్టుల లెక్కలో కనిపించిన లోటు

ఈ ప్రశ్నకు ఒక జవాబు మన తార్నాక, హబ్సిగూడ రోడ్డు మీదే దొరికింది. అదీ అనుకోకుండా. 2020లో కరోనా టైంలో తార్నాకలోని ఐఐసీటీ, హబ్సిగూడలోని సీసీఎంబీ కలిసి ఒక స్టడీ చేశాయి. కరోనా సోకినవాళ్ల మలంలో కూడా వైరస్ ఆనవాళ్లు వస్తాయి. కాబట్టి ఎస్‌టీపీలకు వచ్చే మురుగును పరీక్షిస్తే, ఎంతమందికి సోకిందో అంచనా వేయొచ్చు. లక్షణాలు లేనివాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. ఐఐసీటీలో ఎస్. వెంకట మోహన్ బృందం, సీసీఎంబీ శాస్త్రవేత్తలు నగరంలోని ఎస్‌టీపీల నుంచి శాంపిళ్లు తీశారు. అప్పుడు సీసీఎంబీ డైరెక్టర్ రాకేశ్ మిశ్రా.

2020 ఆగస్టులో ఫలితం చెప్పారు. ఆ ఎస్‌టీపీలకు మురుగు చేరే ప్రాంతాల్లో దాదాపు 2 లక్షల మంది వైరస్‌ను విడుదల చేస్తున్నారని అంచనా. మరి నగరం మొత్తానికి ఎంత? అక్కడే వాళ్లు లెక్కను పెంచుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే నగర మురుగులో సుమారు 40 శాతమే ఎస్‌టీపీలకు చేరుతోంది. ఆ లెక్కన విస్తరిస్తే 35 రోజుల వ్యవధిలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని తేల్చారు.

అప్పట్లో పేపర్లన్నీ 6.6 లక్షలు అనే అంకె మీదే హెడ్డింగులు పెట్టాయి. కానీ ఆ స్టడీలో మనకు పనికొచ్చే రెండో వార్త ఇంకోటి ఉంది. నగరంలో 60 శాతం మురుగు ఎక్కడికి పోతోందో కొలవడానికి ఒక గేటు కూడా లేదు. జబ్బును కనిపెట్టాలన్నా మురుగు ఒక దారిలో రావాలి. ఎస్‌టీపీకి చేరని బస్తీ, ఆరోగ్య లెక్కల్లో కూడా అంచనాగానే మిగిలిపోతుంది.

భోలక్‌పూర్ మరిచిపోకూడని పాఠం

మురుగు అంటే పర్యావరణం వాళ్ల గోల అనుకునేవాళ్లకు 2009 మే నెల గుర్తు చేయాలి. ముషీరాబాద్ నియోజకవర్గంలోని భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లలో మురుగు కలిసింది. వాంతులు, విరేచనాలతో వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. గాంధీ ఆస్పత్రి, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి నిండిపోయాయి. కలరా అని తేలింది. పలువురు చనిపోయారు. చనిపోయినవాళ్లంతా రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లవాళ్లు.

భోలక్‌పూర్ ఎలాంటి చోటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. తోళ్ల వ్యాపారం, పాత ఇనుము, ప్లాస్టిక్ స్క్రాప్, ఇరుకు గల్లీలు, ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు. అలాంటి చోట నల్లా పైపు, మోరీ పైపు పక్కపక్కనే పోతాయి. రెండూ పాతవే. పగులు ఉన్నప్పుడు ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. నీళ్లు వదిలినంత సేపు నల్లా పైపులో ప్రెషర్ ఉంటుంది, బయటి మురికి లోపలికి రాదు. నీళ్లు ఆగిపోగానే పైపు ఖాళీ అవుతుంది. లోపల వాక్యూమ్ ఏర్పడి, పగుళ్ల గుండా పక్కనున్న మురుగును పీల్చుకుంటుంది. దానికి తోడు ఇళ్లలో మోటార్లు పెట్టి లాగితే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. మళ్లీ నీళ్లు వదలగానే మొదట వచ్చేది ఆ మురుగే. నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు వాసన వస్తుందని గల్లీల్లో ఆడవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

కాబట్టి అంబర్‌పేటలో ఎంత పెద్ద ప్లాంటు కట్టినా, గల్లీలో పగిలిన మోరీ పైపు మారకపోతే భోలక్‌పూర్ లాంటి ప్రమాదం పోదు. నల్లాకూ నాలాకూ మధ్య ఉన్న ఆ పాత పైపులే ప్రాణాలకు కాపలా. కోట్ల టెండర్లలో ఆఖరున వచ్చేది మాత్రం వాటి వంతే.

నిజాం కాలం వాలు

హైదరాబాద్ భూగర్భ డ్రైనేజీకి మూలం 1908 మూసీ వరద. ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. జంట జలాశయాలతో పాటు నగరానికి మురుగు వ్యవస్థ ఉండాలన్న ఆలోచన అప్పటిదే. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1931 నాటికి, పెద్ద డ్రైనేజీ లైన్లు వచ్చాయి. అప్పట్లో నగరం జనాభా 5 లక్షల లోపు. ఆ లెక్కకు వేసిన లైన్లలో కొన్ని పాత నగరం నడుమ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

మురుగు లైన్‌కు పంపు అక్కర్లేదు, వాలు ఉంటే చాలు. నగరం వాలు మూసీ వైపు, మూసీ వాలు తూర్పు వైపు. అందుకే అంబర్‌పేట మురుగుకు చివరి స్టేషన్ అయింది. ముషీరాబాద్, చిక్కడపల్లి, నల్లకుంట వైపు మురుగు సహజంగా ఆ దిక్కుకే పోతుంది. తార్నాక, హబ్సిగూడ, నాచారం దాటితే కొంత వాలు ఉప్పల్ నల్లచెరువు వైపు తిరుగుతుంది.

ముషీరాబాద్‌కు ఇంకో అతిథి కూడా ఉన్నాడు. హుస్సేన్ సాగర్ సర్‌ప్లస్ నాలా. సాగర్ నిండితే ఇందిరా పార్క్ పక్క నుంచి దోమలగూడ, అశోక్ నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా ఆ నీళ్లు మూసీలో కలుస్తాయి. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబర్‌లో ఈ వైపు బస్తీలు ఎలా మునిగాయో తెలిసిందే. అదే 2020 వానల్లో హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు కూడా నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత నాలాల కార్యక్రమం ఎస్‌ఎన్‌డీపీ కింద సర్‌ప్లస్ నాలాకు రిటైనింగ్ వాల్ పనులు చేపట్టారు. గోడ వరదను ఆపుతుంది. నాలాలోకి వచ్చే మురుగును ఆపదు. వాననీటి కోసం తవ్విన నాలాలో ఏడాదంతా మోరీ నీళ్లు పారుతుంటే, వాన వచ్చినప్పుడు ఆ నీళ్లకు చోటెక్కడ?

ప్లాంటు లోపల ఏం జరుగుతుంది?

ఎస్‌టీపీ అంటే ఏదో కెమికల్ కలిపి నీళ్లు తెల్లగా చేసే ఫ్యాక్టరీ అని చాలామంది అనుకుంటారు. నిజానికి పని చేసేది బ్యాక్టీరియా. ముందు జాలీల్లో ప్లాస్టిక్, గుడ్డలు ఆపుతారు. తర్వాత ఇసుక దిగనిస్తారు. ఆ తర్వాత మురుగులోని మలినాన్ని బ్యాక్టీరియా తిని బతుకుతుంది. అది తిన్నంత నీళ్లు శుభ్రం. చివర్లో క్లోరిన్ లాంటిది కలిపి వదులుతారు.

పాత అంబర్‌పేట ప్లాంటు 339 ఎంఎల్‌డీ. నాగోల్ పాతది 172, అత్తాపూర్ 51, నల్లచెరువు 30. నాలుగూ కలిపి 592 ఎంఎల్‌డీ. మూసీ శుద్ధి మొదటి దశలో కట్టినవి ఇవే. వీటిలో వాడింది యూఏఎస్‌బీ పద్ధతి. గాలి అక్కర్లేని బ్యాక్టీరియాతో పని చేయిస్తారు. కరెంటు తక్కువ, కొంత బయోగ్యాస్ కూడా వస్తుంది. కానీ నీళ్లు అంత తేటగా రావు.

కొత్త 31 ప్లాంట్లది ఎస్‌బీఆర్ పద్ధతి. ఒకే ట్యాంకులో మురుగు నింపుతారు, గాలి ఊదుతారు, ఆపి తేరనిస్తారు, పైన తేటనీటిని వంచేస్తారు. బియ్యం కడిగి పైనీళ్లు వంచినట్టే. నీళ్లు బాగా వస్తాయి, స్థలం తక్కువ చాలు. కానీ గాలి ఊదే బ్లోయర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు ఆగితే, లేదా బిల్లు మిగులుద్దామని బ్లోయర్ ఆపితే బ్యాక్టీరియాకు ఊపిరి ఆడదు. ప్లాంటు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల మురుగు మురుగుగానే ఉంటుంది.

శుభ్రమైందో లేదో చెప్పేది బీఓడీ అనే అంకె. మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత ఇది. ఎక్కువ ఉంటే మురికి ఎక్కువ అన్నమాట. కేంద్రం 2017 అక్టోబర్ నోటిఫికేషన్‌లో మెట్రో నగరాల ఎస్‌టీపీలకు లీటరుకు 20 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో దాన్ని 10కి బిగించింది. కాబట్టి మీ కార్పొరేటర్ 'ప్లాంటు నడుస్తోంది' అంటే అక్కడితో ఆగొద్దు. బయటికొచ్చే నీటి బీఓడీ ఎంత అని అడగండి.

అంబర్‌పేటకు ఇంకో బరువు కూడా ఉంది. అది ఇళ్ల మురుగు కోసం కట్టిన ప్లాంటు. కానీ పటాన్‌చెరు పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల పైపులైన్ ద్వారా, జీడిమెట్ల వైపు నుంచి కె అండ్ ఎస్ మెయిన్ ద్వారా ఫ్యాక్టరీల వ్యర్థజలాలు కూడా ఒకసారి శుద్ధి చేశామంటూ ఇక్కడికే చేరతాయి. మలాన్ని తినే బ్యాక్టీరియాకు మందుల ఫ్యాక్టరీ నీళ్లు పోస్తే అది తింటుందా, చస్తుందా? పటాన్‌చెరు వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ మందులు భారీ మోతాదులో ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లోనే ప్రపంచానికి చెప్పారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు ఇలాంటి నీటిలోనే తయారవుతాయని భయం.

కెపాసిటీ ఉంటే సరిపోదు: దేశం చెప్పే నిజం

ఇది హైదరాబాద్ ఒక్కదాని కథ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక చూడండి. దేశంలో పట్టణాల మురుగు రోజుకు 72,368 ఎంఎల్‌డీ. కట్టిన ప్లాంట్ల కెపాసిటీ 31,841. అందులో నడుస్తున్నది 26,869. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మాత్రమే. అంటే పుట్టిన మురుగులో 28 శాతం. ప్లాంటు కట్టినచోట కూడా మూడో వంతు కెపాసిటీ వృథా. కారణాలు అన్నిచోట్లా ఒకటే. ఇంటి నుంచి లైన్ లేదు, లైన్ నుంచి ప్లాంటుకు కనెక్షన్ లేదు, నడపడానికి డబ్బు లేదు.

మన దగ్గర పెద్ద ప్లాంట్లకు రిబ్బన్ కటింగ్ ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. అడిక్‌మెట్ గల్లీలో 6 అంగుళాల పైపు తీసి 8 అంగుళాల పైపు వేస్తే ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. కానీ ప్లాంటుకు ప్రాణం ఆ పైపే.

3,866 కోట్లు: ఎవరి జేబు, ఎంత?

ఇప్పుడు డబ్బు లెక్క. 3,866 కోట్లను 1,259 ఎంఎల్‌డీతో భాగిస్తే, ఒక ఎంఎల్‌డీకి సుమారు 3 కోట్ల 7 లక్షలు పడుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజినీర్ల లెక్క. అంటే 108 లీటర్లు. ఒక ఎంఎల్‌డీ ప్లాంటు దాదాపు 9,200 మందికి సరిపోతుంది. ఆ ప్రకారం ఒక్కో మనిషికి ఒకసారి పెట్టుబడి 3,300 రూపాయల చిల్లర. ఇంట్లో ఐదుగురుంటే 16,500 పైచిలుకు. ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధర. ఒకే ఒక్క కలరా కేసుకు ప్రైవేటు ఆస్పత్రిలో అయ్యే బిల్లుతో పోలిస్తే ఇది ఎక్కువేం కాదు.

అసలు చిక్కు రోజువారీ ఖర్చుతో. కరెంటు, మనుషులు, రిపేర్లు, అడుగున మిగిలే బురదను తరలించడం, ఇవి ప్రతి నెలా ఉంటాయి. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు పర్యావరణ్ సురక్షా సమితి కేసులో ఇదే పట్టుకుంది. ఎస్‌టీపీలు కట్టడమే కాదు, నడపడానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థానిక సంస్థలు తేల్చుకోవాలని, అవసరమైతే వాడేవాళ్ల నుంచి వసూలు చేసే పద్ధతి పెట్టుకోవాలని చెప్పింది.

జలమండలి బిల్లులో నీటి చార్జీ మీద 35 శాతం మురుగు సెస్ ఉంటుంది. 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం. పేదలకు అది మంచి పథకం, తీసేయమని ఎవరూ అనరు. కానీ నీటి బిల్లు సున్నా అయితే దాని మీద శాతం కూడా సున్నానే. ఐదుగురున్న ఇంటి నుంచి నెలకు 16 వేల లీటర్ల మురుగు మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ శుద్ధి ఖర్చు ప్రభుత్వ గ్రాంటుగా జలమండలికి టైంకి చేరాలి. చేరకపోతే మొదట కోత పడేది బ్లోయర్ కరెంటుకు, గల్లీ రిపేర్లకు. ఉచితం అన్నప్పుడు ఆ బిల్లు ఎవరు కడుతున్నారో బడ్జెట్‌లో ఒక లైనులో కనిపించాలి.

మురుగు దిగువన ఎవరున్నారు?

ముషీరాబాద్ నుంచి వెళ్లిన మురుగు కనుమరుగైతే కథ అయిపోదు. అంబర్‌పేట, నాగోల్ దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం, కాచివాని సింగారం పొలాలున్నాయి. అక్కడ మూసీ నీళ్లతో వరి, ఆకుకూరలు, బర్రెల కోసం పారాగడ్డి పండిస్తారు. ఆ గడ్డి నగరం డెయిరీలకు వస్తుంది. ఆ బర్రెల పాలు మన చాయ్‌లోకి వస్తాయి. మనం వదిలింది మన కప్పులోకే తిరిగొస్తోందన్నమాట. ఇంకా దిగువన యాదాద్రి, నల్లగొండ జిల్లాల రైతులకు మూసీ కాలువలే దిక్కు. 2024 నవంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సంగెం దగ్గర మూసీ వెంట నడిచినప్పుడు అక్కడి జనం మొరపెట్టుకున్నది ఈ బాధే.

అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లకు మార్కింగ్ పడింది. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్రూం ఇళ్లకు మార్చి, ఖాళీ చేసిన ఇళ్లు కూల్చారు. నదీగర్భంలో ఇళ్లు ప్రమాదమే, వరదొస్తే ముందు మునిగేది వాళ్లే. కానీ మూసీని మురికి చేసింది ఒడ్డున రేకుల ఇంట్లో ఉన్న ఆటో డ్రైవర్ ఒక్కడేనా? సెకనుకో ట్యాంకర్ మురుగు వదిలిన నగరమంతా. ఒడ్డున ఉన్నవాళ్లు ఇల్లు వదులుకుంటే, ఎగువన ఉన్నవాళ్లు కనీసం తమ మోరీ లైన్ సరిగా ఉందో లేదో చూసుకోవాలి. ఆ క్రమం తప్పితే ఒడ్డు అందంగా మారుతుంది, నీళ్లు అలాగే ఉంటాయి.

మ్యాన్‌హోల్‌లో దిగేవాళ్లు

ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించని మనుషులు ఇంకొందరు ఉన్నారు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు లైన్లలోకి మనిషిని దింపకూడదని 2013 చట్టం చెబుతోంది. 2017లో హైదరాబాద్‌కు 70 మినీ జెట్టింగ్ మెషీన్లు వచ్చాయి. ఇరుకు గల్లీల్లోకి వెళ్లగలిగే చిన్న బండ్లు, దళిత యువకులకే ఓనర్‌షిప్. మంచి ప్రయత్నం. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరగడం న్యాయమే. కానీ లైన్ పాతదై పూడుకుపోతున్నంత కాలం ఎవరో ఒకరు దిగాల్సి వస్తూనే ఉంటుంది. కాంట్రాక్టర్ కింద, రాత్రి పూట, తాడు లేకుండా. గల్లీ పైపు మార్చడం వీళ్ల ప్రాణాల సంగతి కూడా.

క్యాంపస్‌కు నీటి కరువు, పక్కనే నీటి వృథా

2024 ఏప్రిల్ చివర్లో ఉస్మానియా యూనివర్సిటీలో హాస్టళ్లు, మెస్‌లు మూసేస్తామన్న నోటీసులో నీరు, కరెంటు కొరత మాట రాయడంతో పెద్ద రాజకీయ గొడవ అయింది. ఎవరిది తప్పు అన్న వాదన ఎన్నికలతో పాటే చల్లారింది. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. వేల మంది విద్యార్థులు స్నానానికి, బట్టలకు వాడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? అంత పెద్ద క్యాంపస్‌లో చెట్లకు, గ్రౌండ్లకు, టాయిలెట్ ఫ్లష్‌కు తాగునీళ్లే ఎందుకు వాడాలి?

క్యాంపస్ గోడ దాటితే తార్నాకలో ఐఐసీటీ ఉంది. మురుగు, చెత్త నుంచి గ్యాస్ తీసే టెక్నాలజీ తయారుచేసే సంస్థ. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో చెత్తతో కరెంటు తీస్తున్నది వాళ్ల టెక్నాలజీతోనే. యూనివర్సిటీలో ఇంజినీరింగ్, మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. హాస్టళ్ల పక్కనే చిన్న ప్లాంటు పెట్టి, ఆ నీళ్లు క్యాంపస్‌లోనే వాడితే అంబర్‌పేట మీద బరువు తగ్గుతుంది, ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు తగ్గుతుంది, విద్యార్థులకు ప్రాక్టికల్ ల్యాబ్ దొరుకుతుంది.

శుద్ధి చేసిన నీళ్లకు గిరాకీ లేదనడం కుదరదు. చెన్నై 2019 నుంచి కొడుంగైయూర్, కోయంబేడు దగ్గర ఒక్కొక్కటి 45 ఎంఎల్‌డీ ప్లాంట్లలో మురుగును ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్ముతోంది. బెంగళూరు 2018 నుంచి శుద్ధి చేసిన నీటిని తెలుగు మాట్లాడే రైతులు ఎక్కువగా ఉన్న కోలార్ జిల్లా చెరువులకు పంపిస్తోంది. కోలార్‌లో బోర్లలో నీళ్లు పెరిగాయని కొందరు సంతోషించారు. మొదటి నెలల్లోనే చెరువులో నురగ వస్తే కోర్టు దాకా వెళ్లారు. మూడో దశ శుద్ధి లేకుండా పంపొద్దని రైతులు ఇప్పటికీ అడుగుతున్నారు. కోలార్ చెప్పే పాఠం ఇదే: వాడుకోవచ్చు, కానీ నాణ్యత అంకెలు జనం ముందు పెట్టాలి.

మనం అడగాల్సినవి

ఓటు కోసం కార్పొరేటర్ అభ్యర్థి గల్లీలోకి వచ్చినప్పుడు సాధారణంగా రోడ్డు, లైటు, పెన్షన్ అడుగుతాం. ఈసారి ఇవి కూడా అడగండి.

మా గల్లీ మోరీ లైన్ ఏ సంవత్సరంలో వేసింది? నల్లా పైపుకు అది ఎన్ని అడుగుల దూరంలో ఉంది? మా మురుగు అంబర్‌పేట ప్లాంటుకు చేరుతోందా, సర్‌ప్లస్ నాలాలో కలుస్తోందా? ప్లాంటుకు రోజుకు ఎంత మురుగు వస్తోంది, కెపాసిటీలో అది ఎంత శాతం? బయటికొచ్చే నీటి బీఓడీ ఎంత? ఆ అంకెను రోజూ గేటు దగ్గర బోర్డు మీద ఎందుకు రాయరు? కాలుష్యం అంకెలు ఆన్‌లైన్‌లో జనానికి కనిపించాలని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది కదా.

మన వైపు నుంచి కూడా కొన్ని బాధ్యతలున్నాయి. మోరీలో ప్లాస్టిక్ కవర్లు, హోటల్ నూనె, తోళ్ల ముక్కలు వేయకూడదు. వాననీటి పైపును మోరీకి కలపకూడదు. నల్లాకు నేరుగా మోటార్ పెట్టకూడదు. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా అదే రోజు జలమండలి 155313 నంబర్‌కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోవాలి. వాట్సాప్ గ్రూపులో వీడియో పెడితే పక్కింటివాళ్లు జాగ్రత్తపడతారు, మంచిదే. కానీ రికార్డు ఉన్న ఫిర్యాదుకే రేపు కోర్టులో, కమిషన్‌లో విలువ ఉంటుంది.

31 ప్లాంట్లు కట్టడం చిన్న పని కాదు, అది ఏ ప్రభుత్వం చేసినా మెచ్చుకోవాల్సిందే. కానీ ప్లాంట్ల సంఖ్యతో నగరం శుభ్రం కాదు. భోలక్‌పూర్‌లో పోయిన ప్రాణాలకు లెక్క చెప్పాలంటే, ఆ గల్లీ నుంచి అంబర్‌పేట దాకా ఉన్న ప్రతి పైపు సంగతి ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీ ఎవరిదో పేరు, పోస్టు, ఫోన్ నంబర్‌తో సహా వార్డు ఆఫీసు గోడ మీద రాసి పెట్టమని అడగడం దగ్గర మనం మొదలు పెడదాం.